ఆవకాయ జాడీలో రవ్వల దుద్దులు

ప్రశ్న: మాది విజయవాడ. నాకు 54 ఏళ్ళు. అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి నాకు వచ్చిన రవ్వల దుద్దులున్నాయి. ఒక్కో దుద్దుకి ఏడేసి రాళ్ళు. కార్తీకంలో సత్యనారాయణ వ్రతానికి పెట్టుకుని, తీసి, వెండి భరిణెలో వేసి బీరువాలో పెట్టాను. సంక్రాంతికి అందరం మా అత్తగారి ఊరు వెళ్ళి అయిదు రోజులుండి వచ్చాం. ఫిబ్రవరి మధ్యలో మా ఆడపడుచు కూతురి పెళ్ళికి పెట్టుకుందామని చూస్తే భరిణె ఖాళీ. పక్కనున్న గాజులు, గొలుసు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇల్లంతా వెతికాం. మా అత్తగారు (78 ఏళ్ళు) పదకొండు రోజులు కార్తవీర్యార్జునుడి శ్లోకం చదివారు. మావారు ఎవరో చెబితే అంజనం వేసే ఆయన దగ్గరికి కూడా వెళ్ళారు. "ఇంట్లో తిరిగే ఆడమనిషి. సొమ్ము పడమటి దిక్కున ఉంది" అన్నాడట. పద్నాలుగేళ్ళుగా మా ఇంట్లో చేస్తున్న పనిమనిషి ఇల్లు మాకు పడమటే. అత్తగారికి ఆమె మీద ముందు నుంచీ అనుమానమే. తన పింఛను డబ్బు తీసిందని ఈ ఏడాదిలోనే రెండు మూడుసార్లు అన్నారు. ఆ డబ్బు తర్వాత దిండు గలీబులోనో, పంచాంగం మధ్యలోనో దొరికేది. ఈసారి మెట్ల దగ్గర నలుగురిలో ఆమెని అడిగేశారు. పోలీసులకి చెబుతామని మావారు అన్నారు గానీ స్టేషన్‌లో కాగితం ఇవ్వలేదు. ఆమె మెట్ల మీదే కూలబడి కొడుకు మీద ఒట్టేసి ఏడ్చింది. నేను ఏమీ అనలేదు. మర్నాటి నుంచి రావడం మానేసింది. మేం నెలకి 3,000 ఇచ్చేవాళ్ళం. మా అపార్ట్‌మెంట్‌లోనే ఇంకో మూడిళ్ళలో చేసి 6,500 తెచ్చుకునేది. వాళ్ళూ మాన్పించేశారు.

మే నెలాఖరున ఆవకాయ పెడదామని అటక మీద నుంచి జాడీ దించి మూత తీస్తే అడుగున చిన్న గుడ్డ మూట. విప్పితే దుద్దులు! ఊరెళ్ళే హడావుడిలో, దొంగలు జాడీలో వెతకరు కదా అని నేనే దాచాను. చూడగానే అంతా గుర్తొచ్చింది. రెండు వారాలయింది, ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంట్లో ఏమంటారో, అపార్ట్‌మెంట్‌లో తలెత్తుకు తిరగ్గలనో లేదో అని భయం. చెప్పకపోతే నిద్ర పట్టడం లేదు. నాకు మతిమరుపు జబ్బు మొదలైందేమోనని ఇంకో భయం. పనిమనిషికి ఏదో వంకతో ఒక చీర, కొంత డబ్బు పంపించి ఊరుకోవచ్చా?

జవాబు: అమ్మా, చివర అడిగినదానికి ముందు చెబుతాను. ఊరుకోకూడదు. చీర అసలే వద్దు. నింద వేసింది మెట్ల మీద, పది మంది చెవిన పడేలా. దాన్ని తుడవడం మాత్రం ఎవరికీ తెలియకుండా కవర్లో పెట్టి చేద్దామనుకుంటున్నారు. ఆవిడ ఆ కొత్త చీర కట్టుకుని వీధిలోకి వస్తే మీ పక్కింటివాళ్ళు ఏమంటారో ఊహించండి. "చూశారా, దుద్దులు అమ్ముకుని కొనుక్కుంది" అంటారు. మీరు పంపిన చీరే ఆవిడ మీద సాక్ష్యమవుతుంది.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దుద్దుకి ఏడు రాళ్ళని రాశారు. భరిణె వెండిదని రాశారు. పద్నాలుగేళ్ళు మీ అంట్లు తోమిన మనిషి పేరు ఎక్కడా లేదు. ఎలాగూ నేను అచ్చులో వెయ్యను, అది వేరే సంగతి. రాసేటప్పుడు మీ కలానికి ఆ పేరు రాలేదని చెబుతున్నానంతే. ఆవిడ ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం పేరు పెట్టి పిలవండి.

ఇక ఆ రోజు సంగతి. భరిణె ఖాళీగా ఉంది, మూత పెట్టే ఉంది, ఉన్న అరలోనే ఉంది, పక్కన గాజులూ గొలుసూ చెక్కుచెదరలేదు. దొంగతనానికి వచ్చిన చెయ్యి భరిణె తెరిచి, దుద్దులు మాత్రం ఏరుకుని, మళ్ళీ మూత బిగించి, అక్కడే సర్ది, గొలుసు వదిలేసి పోతుందా? వెండి భరిణె కూడా వదిలేసి? ఇంత తీరిగ్గా, ఇంత పొందిగ్గా సర్దేది ఆ ఇంటి ఇల్లాలు ఒక్కతే. ఆ ఖాళీ భరిణె మీ పేరే చెబుతోంది. కానీ అనుమానం ఒకసారి ఒక మనిషి మీదకి వెళ్ళాక కళ్ళెదుటి వస్తువు కూడా దానికి తగ్గట్టే కనిపిస్తుంది. "తెలివైన దొంగ, ఒక్కటే తీసింది" అనుకుని ఉంటారు.

అంజనం ఆయన గురించి కూడా ఒక మాట. పడమర లేని ఇల్లుండదు. ఇంట్లో తిరిగే ఆడమనిషి అంటే మీరు కూడా. మీ అటక గనక పడమటి గోడకుంటే ఆయన చెప్పింది అక్షరాలా నిజమైపోయింది, వెళ్ళి దక్షిణ ఇచ్చి రావచ్చు. వెనకటి రోజుల్లో అనుమానితుల చేత మంత్రించిన బియ్యం నమిలించేవారు. నోరు ఎండిపోయి పిండి పొడిగా ఉమ్మేవాడు దొంగ. భయానికి నోరెండుతుందన్నది నిజమే. కానీ ఆ వరసలో అందరికన్నా ఎక్కువ భయం ఎవరికి ఉంటుంది? ఏ దిక్కూ లేనివాడికి. మీ అత్తగారి శ్లోకం సంగతి వేరు. "కార్తవీర్యార్జునో నామ రాజా బాహుసహస్రవాన్, తస్య స్మరణమాత్రేణ గతం నష్టం చ లభ్యతే" అని మా అమ్మ కూడా చదివేది, తాళంచెవి కనపడకపోయినా సరే. దానివల్ల ఎవరికీ చెడు జరగదు. పైగా కంగారు తగ్గి మనసు ఒక చోట కూర్చుంటుంది. ఆ శ్లోకం ఎవరినీ వేలెత్తి చూపదు, ఏ దిక్కూ చెప్పదు.

మా ఇంట్లోనూ ఇలాంటిది జరిగింది కాబట్టి ఇంత గట్టిగా అంటున్నాను. నా చిన్నప్పుడు మా నాయనమ్మ ఉంగరం పోయింది. అప్పుడు మా ఇంట్లో పదిహేనేళ్ళ పాలేరు కుర్రాడు ఉండేవాడు. వాడిని అడిగారు, కొట్టారు కూడా అని తర్వాత తెలిసింది. పంపేశారు. ఆ ఏడు ధనుర్మాసంలో నాయనమ్మ పొయ్యిలో బూడిద తీసి అంట్లు తోముతుంటే చేతికి గట్టిగా ఏదో తగిలింది. ఉంగరం. పిడకలు చేసేటప్పుడు పేడముద్దలో జారిపోయింది, పిడకతో పాటు పొయ్యిలోకి వెళ్ళింది. బంగారం కరగాలంటే 1,064 డిగ్రీల వేడి కావాలి, పిడకల మంటకి అంత సత్తువెక్కడిది? నల్లబడిందంతే, చింతపండు పెట్టి తోమితే మళ్ళీ మెరిసింది. తాతయ్య ఆ కుర్రాడికి కబురు పెట్టలేదు. "ఇప్పుడు చెబితే లోకువైపోతాం" అన్నాడు. ఆ ఉంగరం ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఒక్కసారి కూడా పెట్టుకోలేదు.

మీ మతిమరుపు భయానికి వస్తే, నాకు అందులో జబ్బేమీ కనిపించడం లేదు. 1986లో వినోగ్రాడ్, సోలోవే అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు సరిగ్గా ఈ విషయం మీదే ప్రయోగాలు చేశారు. వస్తువుని మామూలుగా ఉండే చోట కాకుండా, ఎవరూ ఊహించని ప్రత్యేకమైన చోట పెడితే బాగా గుర్తుంటుందని అందరూ నమ్ముతారు. తీరా అడిగితే అలాంటి చోట్లే ఎక్కువగా మరిచిపోతారు. ఎందుకో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. దుద్దులు అనగానే బీరువా తడుతుంది, భరిణె తడుతుంది, కంసాలి తడతాడు. దుద్దులు అనగానే ఆవకాయ ఎవరికి తడుతుంది? దొంగకి తట్టదని ఏరి కోరి ఎంచుకున్న చోటు నెల తిరిగేసరికి మనకీ తట్టదు. జాడీ మూత తీయగానే అంతా గుర్తొచ్చిందన్నారు చూడండి, అదే మీ బుర్ర బాగుందనడానికి గుర్తు. దాచిన జ్ఞాపకం చెరిగిపోలేదు. దాన్ని లేపే వస్తువు అటక మీద ఉంది, ఏడాదికోసారి గానీ కిందికి దిగదు. సంక్రాంతికి దాచినది మామిడికాయ వచ్చేదాకా దొరక్కపోవడంలో వింతేముంది?

వెతకడంలో మీ ఇంట్లో జరిగిన పొరపాటు ఇక్కడే ఉంది. ఇదే అవస్థలో ఉన్న మరికొందరు కూడా నాకు రాస్తుంటారు కనుక కాస్త వివరంగా చెబుతాను. ఇంట్లో వస్తువు కనపడకపోవడం రెండు రకాలు. ఒకటి జారిపోయినది, రెండోది దాచినది. జారిపోయినదాన్ని నేల మీద వెతకాలి. దాచినదాన్ని రోజులో వెతకాలి. మీరు మంచాలు జరిపారు, పరుపులు ఎత్తారు, ఆవిడ సంచీ కూడా చూసే ఉంటారు. ఊరెళ్ళే ముందు రోజు పొద్దుట నుంచి ఏం చేశానని మాత్రం ఒక్కసారి కూర్చుని తలుచుకోలేదు. సూట్‌కేసు ఎక్కడి నుంచి దించారు? మీరు రాయలేదు గానీ అటక మీద నుంచే అని పందెం కాస్తాను. స్టూలెక్కారు, సూట్‌కేసు తీశారు, పక్కనే ఖాళీ జాడీ కనపడింది, "ఇందులో అయితే ఎవరూ చూడరు" అనిపించింది. దాచే చోటు ఎప్పుడూ ఆ క్షణంలో మనం చేస్తున్న పనిని ఆనుకునే ఉంటుంది. వంట చేస్తూ దాచినవాళ్ళు పప్పుల డబ్బాలో దాస్తారు. బట్టలు సర్దుతూ దాచినవాళ్ళు పాత పట్టుచీర మడతలో పెడతారు. దీపం పెట్టి లేస్తూ దాచినవాళ్ళు దేవుడి పటం వెనక పెడతారు. అందుకే దాచి మరిచిపోయిన వస్తువు కోసం ఆ రోజు పనులు వరసగా మళ్ళీ చెయ్యండి, ఊరికే తలుచుకోవడం కాదు, నిజంగానే. అదే స్టూలు ఎక్కండి. అదే సూట్‌కేసు దించండి. ఆ రోజు ఫోన్‌లో తీసిన ఫొటోలు, ఎవరెవరికి ఫోన్ చేశారో చూస్తే వరస అందుతుంది.

జారిపోయిన దుద్దు సంగతి పూర్తిగా వేరు. పోయిందని తెలియగానే ముందు చీపురు ఆపాలి, తర్వాత నీళ్ళు ఆపాలి. చాలామంది కంగారులో ఇల్లు చిమ్మేస్తారు, దాంతో వస్తువు చెత్తబుట్టలోకి, అక్కడి నుంచి మున్సిపాలిటీ బండిలోకి పోతుంది. ఆ రోజు చెత్త, దేవుడి దగ్గర తీసిన వాడిన పూలతో సహా, కాగితం మీద పరిచి చూసేదాకా బయటపెట్టకండి. తలలో పూలదండ, జడ, జాకెట్టు చేతుల మడత, తువ్వాలు, దిండు గలీబు, ముందు తలుపు ఉండే వాషింగ్ మెషిన్ అయితే ఆ రబ్బరు అంచు మడత చూడండి. సింకులోనో, బాత్రూంలోనో పడిందనుకుంటే అయిపోయిందని వదిలెయ్యకండి. 22 క్యారట్ల బంగారం నీటికన్నా దాదాపు 18 రెట్లు బరువు. అది ఆకులా కొట్టుకుపోదు, సింకు కింద గొట్టం వంపులో అడుక్కి దిగి కూర్చుంటుంది. కొళాయి కట్టేసి, కింద బకెట్టు పెట్టి ఆ వంపు విప్పిస్తే చాలాసార్లు దొరుకుతుంది. రవ్వ ఊడి పడిపోతే రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, టార్చి నేల మీద పడుకోబెట్టి వెలిగించండి. పై నుంచి వేసే వెలుగులో కనపడనిది ఈ వాలు వెలుగులో మెరుస్తుంది. తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి వైపు, అనంతపురం జిల్లా వజ్రకరూరు వైపు జనం పొలాల్లో వంగి వజ్రాలు వెతుకుతుంటారు. వానకి మట్టి కడుక్కుపోయి పైకి తేలిన రాయి ఎండకి తళుక్కుమనాలని వాళ్ళ ఆశ. ఎకరాల్లో వెతికేవాళ్ళకే ఆశ ఉంటే పది అడుగుల గదిలో మనకెందుకు ఉండకూడదు? ఇంకో సంగతి, వజ్రం నీటికి తడవదు గానీ జిడ్డుకి అతుక్కుంటుంది. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ గనుల్లో జిడ్డు రాసిన బల్లల మీదుగా నీళ్ళతో రాళ్ళు పారించి వజ్రాలు వేరు చేసేవాళ్ళు. కాబట్టి వంటింట్లో రాయి పడితే స్టవ్ కింద నూనె జిడ్డున్న గట్టు ముందు చూడండి.

మీ దుద్దులు మూడు తరాలవి. శీలల మరలు ఈపాటికి అరిగే ఉంటాయి. ఈసారి నిజంగా జారిపోకముందే కంసాలికి చూపించి శీలలు మార్పించండి, రాళ్ళు కదులుతున్నాయేమో కూడా చూడమనండి. కుంకుడు రసంలో నానేసి మెత్తని బ్రష్‌తో కడిగితే రవ్వలకి పట్టిన జిడ్డు పోతుంది. ఊరెళ్ళేటప్పుడు కొత్త చోటు కనిపెట్టడం మానెయ్యండి. బ్యాంకు లాకరుందా, అందులో పెట్టండి. అయితే అందులో ఏముందో బ్యాంకుకి తెలియదు. అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం లాంటివి జరిగితే రిజర్వు బ్యాంకు 2022 జనవరి నుంచి అమలు చేసిన నిబంధనల ప్రకారం బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకి వంద రెట్ల దాకానే. 2,000 అద్దె అయితే 2 లక్షలు. అందుకని నగల జాబితా, ఫొటోలు, బరువులు ఒక పుస్తకంలో రాసి ఉంచుకోండి. ఇంట్లోనే దాచాలా, దాచండి, కానీ అప్పుడే ఇంకొకరికి చెప్పండి. మీ ఆయనకి ఆ రోజు "జాడీలో పెట్టానండీ" అని ఒక్క మాట అని ఉంటే ఇవాళ ఈ ఉత్తరం ఉండేది కాదు.

ఇప్పుడు మీ అత్తగారి గురించి. మీరు మామూలుగా రాసుకుంటూ పోయారు గానీ నేను అక్కడ ఆగిపోయాను. పింఛను డబ్బు పోయిందనడం, ఒకే మనిషి తీసిందనడం, అది దిండు గలీబులో దొరకడం, మళ్ళీ కొన్నాళ్ళకి అదే కథ. మీరు దాచి మరిచిపోయారు, చూడగానే గుర్తు తెచ్చుకున్నారు. ఆవిడ దాచింది తనేనని దొరికాక అయినా ఒప్పుకుంటున్నారా? వస్తువులు ఎక్కడో పెట్టడం, ఎక్కడ పెట్టిందీ అడుగులు వెనక్కి వేసి పట్టుకోలేకపోవడం, ఎవరో ఎత్తుకుపోయారని తరచూ నింద వెయ్యడం, ఇవి అల్జీమర్స్ లాంటి జబ్బుల తొలి గుర్తుల్లో ఉన్నాయి. అదేనని నేను అనడం లేదు. వినికిడి తగ్గినా, థైరాయిడ్ తేడా వచ్చినా, బి12 తక్కువైనా పెద్దవాళ్ళు ఇలా తికమకపడతారు, వీటిలో చాలావరకు మందులతో సర్దుకుంటాయి. ఒకసారి న్యూరాలజీ డాక్టరుకి చూపించండి. "మీకు మతి పోయింది, అందుకే" అని తీసుకెళ్ళకండి, బీపీ చూపిద్దామని తీసుకెళ్ళండి. ఇంకో హెచ్చరిక కూడా. అత్తగారికి జబ్బని తేలితే అది మీకు దొరికిన సాకు కాకూడదు. "పెద్దావిడ, తెలియక అంది" అని ఆవిడ కొంగు వెనక దాక్కోకండి. జాడీలో దాచింది మీరు. మెట్ల మీద నోరు మెదపంది మీరు.

చెయ్యవలసింది ఇది. ఇవాళ రాత్రే మీవారికి చెప్పండి. జాడీ, గుడ్డ, దుద్దులు ముందు పెట్టి చెప్పండి. అరుస్తారు. అరవనివ్వండి. అంజనం దగ్గరికి వెళ్ళింది తనే కనుక ఎంతోసేపు అరవలేరు. మర్నాడు పొద్దున అత్తగారికి చెప్పండి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఆవిడ ఇంటికి వెళ్ళండి. మీరొక్కరే కాదు, మీవారు కూడా రావాలి. పోలీసుల పేరెత్తింది ఆయన. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 306వ సెక్షన్ ఉంది. యజమాని ఇంట్లో పనివాళ్ళు దొంగతనం చేస్తే ఏడేళ్ళ దాకా జైలు. మీవారికి ఆ నంబరు తెలియకపోవచ్చు. కానీ ఆవిడ ఆ మెట్ల మీద కూలబడినప్పుడు కళ్ళ ముందు మెదిలింది అదే, స్టేషను, లాకప్పు, కొడుకు. ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో వాళ్ళే వెనక్కి తీసుకోవాలి.

ఆవిడని మీ ఇంటికి పిలిపించకండి. మీరే వెళ్ళండి. మాటలు తడబడతాయని భయమైతే ఇవి గుర్తుపెట్టుకోండి: "దుద్దులు దొరికాయి. నేనే దాచి మరిచిపోయాను. నువ్వు తియ్యలేదు. నిన్ను అంటుంటే నేను నోరు మూసుకుని నుంచున్నాను. తప్పు నాది." ఇంతే. "కానీ" అనే మాట రానివ్వకండి. "ఆ టైములో మా పరిస్థితి అలాంటిది" అనొద్దు, "అంజనంలో అలా వచ్చింది" అని అసలే అనొద్దు. పద్నాలుగేళ్ళు "నువ్వు" అని పిలిచి ఇప్పుడు హఠాత్తుగా "మీరు" అంటే నాటకంలా ఉంటుంది, అలవాటైన పిలుపే పిలవండి. ఆవిడ తిడితే వినండి. తలుపు వేసేస్తే ఇంకో రోజు వెళ్ళండి. ఏమీ అనకుండా కాఫీ పెట్టి ఇచ్చిందా, అది తిట్టుకన్నా కష్టంగా ఉంటుంది, అయినా తాగి రండి.

డబ్బు సంగతి. నేను లెక్క వేశాను. మీ 3,000, మిగతా మూడిళ్ళ 6,500 కలిపి నెలకి 9,500. ఫిబ్రవరి మధ్య నుంచి మే నెలాఖరుదాకా మూడున్నర నెలలు. అంటే 33,250 రూపాయలు. మీరు రాసిన జూన్ రెండు వారాలు కూడా కలిపితే 38,000. మధ్యలో ఆవిడకి వేరే పని దొరికి ఉండొచ్చు, దాంతో మీకు సంబంధం లేదు, ఇందులో కొయ్యకండి. మిగతా మూడిళ్ళ జీతం మేమెందుకు ఇవ్వాలి అంటారేమో మీవారు. వాళ్ళు మాన్పించింది మీ మాట విని. "ఇది ఇన్నాళ్ళ జీతం" అని చెప్పి ఇవ్వండి. సాయం అనొద్దు, బహుమానం అనొద్దు. తీసుకోనంటే బలవంతపెట్టకుండా, ఎప్పుడు కావాలన్నా ఇస్తామని చెప్పి రండి. "మళ్ళీ పనిలోకి వచ్చెయ్" అని ఆ ఊపులో అనకండి. క్షమించినట్టు కనపడాలంటే రావాలి అన్నట్టు ఉంటుంది అది. ఆవిడకి రావాలనిపిస్తే ఆవిడే అడుగుతుంది, అప్పుడు జీతం పెంచండి.

అపార్ట్‌మెంట్ ఆ తర్వాత. ముందు ఆ మూడిళ్ళకీ మీరే వెళ్ళి తలుపు కొట్టి చెప్పండి, ఫోన్లో కాదు. వాట్సాప్ గ్రూపులో అప్పట్లో "జాగ్రత్త" అంటూ ఎవరైనా ఏదైనా పెట్టి ఉంటే అదే గ్రూపులో మీ పేరుతో రెండు లైన్లు రాయండి, దుద్దులు మా ఇంట్లోనే దొరికాయి, ఫలానా ఆమెకి ఏ సంబంధమూ లేదు అని. అప్పుడేమీ పెట్టకపోతే ఇప్పుడు ఆవిడ పేరు అక్కడ ఎత్తాలా వద్దా అనేది ఆవిడనే అడగండి. వాచ్‌మన్ భార్యకి మాత్రం తప్పకుండా చెప్పండి. మెట్ల మీద కబురు నాలుగు అంతస్తులకీ మోసుకెళ్ళింది ఎవరో మీకు తెలుసు, మంచి కబురు కూడా అదే దారిన పోవాలి. తలెత్తుకోలేనేమో అన్నారు. నెల రోజులు ఎత్తుకోలేరు, నిజమే. జాడీ చూసి నవ్వుతారు, మీకు "ఆవకాయ దుద్దులు" అని పేరు కూడా పెడతారు. మే నెల వస్తే ఎవరో ఒకరు గుర్తు చేస్తారు.

ఆవిడ ఇంటికి వెళ్ళే రోజు ఆ దుద్దులు చెవులకి పెట్టుకోకండి. చేతిసంచీలో వేసుకెళ్ళండి. చూస్తానంటే చూపించండి, అడగకపోతే తియ్యొద్దు. అలవాటు కొద్దీ, ఉత్త చేతులతో ఎలా అని, సీసాలో ఈ ఏటి ఆవకాయ పట్టుకెళ్ళాలనిపిస్తుంది. అది కూడా వద్దు. కనీసం ఈ ఏడాదికి.